తగ్గినా మార్పే

ఆ వంటింట్లో రెండు పొయ్యిలు ఉండేవి. గోడకి ఆనుకుని ఉన్నది అత్తగారిది, కిటికీ కింద ఉన్నది కోడలిది. ఉప్పు డబ్బాలు రెండు, పాల గిన్నెలు రెండు, అంట్లు తోముకునే పీచులు కూడా రెండే. వేరు కుంపట్లు అని జనం మాటవరసకి అంటారు గానీ ఇక్కడ ఒకే కప్పు కింద నిజంగానే ఉన్నాయి. ఈ వైరం ఎప్పుడు మొదలైందో ఇద్దరిలో ఎవరినడిగినా సరిగ్గా చెప్పలేరు. మానుకోమంటే మాత్రం ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది.

నేరుగా మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. మధ్యలో కొడుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పగలంతా పైకీ కిందికీ తిరిగి ఇంటికొస్తే ఇక్కడా అదే ఉద్యోగం, వంటింటి మాట ముందుగదికీ ముందుగది మాట వంటింటికీ మొయ్యడం. మెత్తని మనిషి కావడం వల్ల మోసేటప్పుడు దారిలోనే మాటకున్న ముల్లు విరిచి పారేసి, మిగిలింది చేరవేసేవాడు. "మీ అమ్మని నోరు అదుపులో పెట్టుకోమనండి" అని వంటింట్లో బయల్దేరిన మాట ముందుగదికి వచ్చేసరికి "అమ్మా, గొంతు నొప్పి పుడుతుంది, కాస్త మెల్లిగా మాట్లాడు" అయ్యేది. ఆ ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే ఈ కల్తీ పుణ్యమే.

అత్తగారికి డెబ్బై మూడేళ్ళు. ముందుగదిలో మిషను వేసుకుని ఇప్పటికీ కుడుతుంది. పొడుగు ప్యాంట్ల కాళ్ళు మడుస్తుంది, కోట్లకి లోపలి గుడ్డ మారుస్తుంది, సంచులకి జిప్పులు వేస్తుంది. ఆవిడకి సముద్రం అవతల ఒక చెల్లెలుంది. ఆ చెల్లెలి చూపు కొంచెం కొంచెంగా పోతోంది. ఈ చలికాలం దాటితే మనుషుల మొహాలు ఆనవని అక్కడి డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"రంగులింకా తెలుస్తున్నాయక్కా" అంది చెల్లెలు ఫోన్లో. "పసుపుపచ్చ అయితే వీధి చివర ఉన్నా పోల్చుకుంటాను. మొహాలే, బాగా దగ్గరికొస్తే గానీ తెలియడం లేదు."

ఆ మాట విన్న రోజునుంచీ అత్తగారికి వేరే ధ్యాస లేదు. చూపు ఉండగానే వెళ్ళాలి. చెల్లెలు తన మొహాన్ని ఒక్కసారి దగ్గరగా, తనివితీరా చూడాలి. విమానం దిగగానే పోల్చుకుంటుందని పసుపుపచ్చ కోటు ఒకటి కుట్టుకోవడం కూడా మొదలుపెట్టింది. కానీ డెబ్బై దాటినవాళ్ళని ఆ దేశం వాళ్ళు ట్రావెల్ ఇన్సూరెన్సు లేనిదే అడుగు పెట్టనివ్వరు. ఈవిడ గుండెకి స్టెంటు ఉంది.

ఇక కోడలు ఉద్యోగం చేసేది ఇన్సూరెన్సు కంపెనీలోనే. పాలసీలు అమ్మే చోట కాదు. కష్టం వచ్చి డబ్బు అడిగినవాళ్ళకి ఎందుకు ఇవ్వకూడదో వెతికే చోట. కాగితం మీద కొర్రీ వెయ్యడంలో ఆమెని మించినవాళ్ళు లేరని ఆ ఆఫీసులోనే చెప్పుకుంటారు. అత్తగారు మనసులో ఆమెని కొర్రీ అనే పిలుచుకునేది.

ఆ రోజు ఉదయం వంటింట్లోంచి కోడలి గొంతు వినిపించింది. చెబుతున్నది మొగుడికే అయినా, గోడ అవతలికి చేరేంత గట్టిగానే చెబుతోంది.

"మీ అమ్మ ఎక్కణ్ణించో తెచ్చిన ఆ రంగుల కాగితం చూశానండీ. ముందు పేజీలో ఇద్దరు ముసలివాళ్ళు పడవెక్కి నవ్వుతున్నారు. గుండె సంగతి వెనకాల ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. పాత జబ్బు ఏదైనా సరే వాళ్ళకి సంబంధం లేదట. పెట్టె పోతే ఇస్తారట. మీ అమ్మ విషయంలో పోయేది పెట్టె కాదు కదా."

"వినిపిస్తోందిరా" అంది అత్తగారు ముందుగదిలోంచి. "నేను పోతాననే దాని ధీమా."

"రెండోది చూశావా?" అన్నాడు కొడుకు ఆదరాబాదరాగా.

"అది డెబ్బై దాకానే. మూడోది మా కంపెనీది. దాని జోలికి వెళ్ళొద్దు."

"అదేం? మీదే కదా."

"మాది కాబట్టే. దాన్లో ఎన్ని మెలికలున్నాయో నాకు తెలుసు."

అత్తగారు మిషను ఆపేసింది. "విన్నావురా? వాళ్ళ కొట్లో సరుకు వాళ్ళే కొనరట. ఇంకొకళ్ళది చూస్తే అదీ పనికిరాదట. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. నన్ను వెళ్ళనివ్వకూడదని పట్టు, అంతే. నా చెల్లెలు గుడ్డిదైపోతే ఈవిడకేం పోయింది?"

వంటింట్లో గిన్నె ఒకటి కాస్త గట్టిగా చప్పుడైంది. అంతలో చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఒక మనిషి ముందుగది గుమ్మంలోకి వచ్చి జిప్పు ఊడిందన్నాడు. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని ఆ పనిలో పడింది. పాత జిప్పు కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతూ, ఆ మనిషి ప్రయాణం కబుర్లు వింటూ కూర్చుంది. వంటింట్లో తర్వాత జరిగింది ఆవిడ చెవిన పడలేదు.

వంటింట్లో కోడలు గొంతు తగ్గించి చెప్పింది. "నాలుగోది బాగుంది. పాత జబ్బులక్కూడా ఇస్తారు. కాకపోతే ఒక షరతు. బయల్దేరే ముందు మూడు నెలల్లో మందులేవీ మారకూడదు. ఒక్క బిళ్ళ పెరిగినా తగ్గినా గుండెకి వాళ్ళు పైసా ఇవ్వరు. మీ అమ్మకేమో ఆ వీధి చివర డాక్టరు దగ్గరికెళ్ళి, కబుర్లు చెప్పి, ఏదో ఒకటి రాయించుకొచ్చే అలవాటుంది. ఈసారి ఆ పని చేస్తే మాత్రం ఆవిడ చావు ఆవిడే చావాలి. ఈ ముక్క ఇలాగే చెప్పండి. మీ వెన్నపూస కలపకుండా."

కొడుకు సూట్‌కేసు మనిషి వెళ్ళేదాకా ఆగి, ముందుగదిలోకి వచ్చి, మెడ రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"మంచి పాలసీ ఒకటి దొరికిందమ్మా. తనే కడుతుంది. మందులు మాత్రం జాగ్రత్తగా వేసుకోమంది."

"జాగ్రత్తగానా?" అత్తగారి చేతిలో బ్లేడు ఆగిపోయింది. "అంటే నేను వేళకి మందులు వేసుకోవడం లేదనా? రోగిష్టి ముండనని రాయించి, ఆ వంకన ఆపేద్దామనా?"

"అదేం కాదమ్మా."

"నీకు తెలియదులే. దాని మాటకి పైన ఒక అర్థం, లోపల ఒక అర్థం ఉంటాయి" అంది. కొడుకు ఆ మాటని వంటింటికి మొయ్యలేదు. గోడకి తగిలించిన పనిముట్ల సంచి తీసుకుని లిఫ్టుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు అత్తగారు కుట్టుపనేదీ ముట్టుకోకుండా, ఉతికిన చీర కట్టుకుని వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కూడా ముసలాయనే. జబ్బకి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పాదరసం దిగుతుంటే మెడ చాచి చూశాడు. ఒకసారి చూసి నమ్మకం కుదరక మళ్ళీ చూశాడు.

"మిషను ముందునుంచి లేచేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయా?"

"అప్పుడప్పుడూ. వయసు కదండీ."

"వయసు కాదు, మందెక్కువైంది. మీ గుండె భేషుగ్గా ఉందమ్మా. ఇంత మోతాదు మీకక్కర్లేదు. ఇవాళ్టినుంచి సగం వేసుకోండి" అని రాసిచ్చాడు.

అత్తగారికి ఒళ్ళు తేలికైపోయింది. ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో కొత్త బిళ్ళలు కొని, అక్కడే నీళ్ళడిగి మొదటిది వేసుకుంది. చీటీ నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంటుంటే చేతులు వాటంతటవే తొందరపడ్డాయి. ఇంటికి వెళ్ళి కొడుకు చేత చెప్పిస్తే ఈ చీటీకున్న రుచంతా పోతుంది. వాడు దానిక్కూడా వెన్నపూస పూస్తాడు. అందుకని నేరుగా కోడలి ఆఫీసుకే వెళ్ళాలనుకుంది. నలుగురూ చూస్తుండగా బల్లమీద పెట్టి, ఇదుగో నా గుండె, ఇప్పుడు వెయ్యి కొర్రీ అని వచ్చేయాలి. బస్సులో కూర్చుని ఆ వాక్యాన్ని రకరకాలుగా అనుకుని చూసుకుంది. ప్రతిసారీ బాగానే ఉంది.

ఆఫీసు హాల్లో బెంచీలు వరసగా వేసి ఉన్నాయి. ఎదురుగా అద్దం వెనక నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. చివరి బల్ల దగ్గర కోడలు. ఇంట్లో చూసే మనిషిలా లేదు. జుట్టు బిగించి కట్టుకుని, వీపు నిటారుగా పెట్టి, కళ్ళజోడులోంచి కాగితాలు చూస్తోంది. ఆమె ముందు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా. మెడ దగ్గర గుండీ ఊడిపోతే వేరే రంగు గుండీ కుట్టుకున్నాడు. ఆ కుట్టు సరిగ్గా లేదు, మగవాడి చేతి కుట్టు. అత్తగారి కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి. తన వంతు వచ్చేదాకా ఆగుదామని ఆయన వెనక బెంచీ మీద కూర్చుంది.

"హాస్పిటల్లో చేర్చిన రోజే మీవాళ్ళకి ఫోను చేశానమ్మా" అంటున్నాడాయన. "అన్నీ ఇస్తామనే అన్నారు."

"అప్పటికి మా దగ్గర పూర్తి వివరాలు లేవండి."

"నేనేమీ దాచలేదు. మా ఆవిడకి రక్తపోటు ఉందని రాశాను. మందు వాడుతోందని రాశాను."

"రాశారండి. కానీ బయల్దేరే ముందు మూడు నెలల్లో మందు మారకూడదు. ఆవిడకి ముందు నెలలోనే మారింది."

"మారలేదమ్మా, తగ్గించారు. బాగుందనే తగ్గించారు. ఆ సంతోషం మీదే కదా మేము బయల్దేరింది."

కోడలు కలం మూత తీసి, మళ్ళీ పెట్టింది. "తగ్గినా మార్పేనండి."

"బాగుపడ్డం కూడా తప్పేనా?"

"తప్పు కాదండి. షరతు."

కోడలు మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది. ఆయన తాగలేదు. కాగితాలన్నీ పాత మడతల మీదే జాగ్రత్తగా మడుచుకుని, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి లేచాడు. అత్తగారు ఆ మర్యాద చూసింది. రాయి కూడా ఎండలో పెడితే కాస్త వేడెక్కుతుంది. ఈ ఆడమనిషి గుండెకి ఆ పాటి గుణం కూడా లేదనుకుంది. లేచి నాలుగు కడిగేద్దామని సంచి పట్టుకుంది. పట్టుకున్నాక గానీ ఆ సంచిలో ఏముందో ఆవిడకి తట్టలేదు.

సగం బిళ్ళ. తగ్గినా మార్పే.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ ఆవిడ దగ్గర ఆగాడు. "మీదీ ఇదేనా అమ్మా?"

"కాదండీ" అంది అత్తగారు. సంచి రెండు చేతులతో రొమ్ముకి ఆనించుకుని, తలుపుకేసి నడిచింది. వెనక్కి చూడలేదు.

ఆ మధ్యాహ్నం పసుపుపచ్చ కోటు ముందేసుకుని కూర్చుంది గానీ పని సాగలేదు. చేతులకి కాజాలు కుడుతుంటే దారం పదేపదే చిక్కుపడింది. పాత బిళ్ళల అట్టా కొత్త బిళ్ళల అట్టా మిషను మీద పక్కపక్కన పెట్టి చూసింది. మూడు నెలలు ఆగితే చలికాలం అయిపోతుంది. చలికాలం అయిపోతే చెల్లెలికి తను గుమ్మంలో నిలబడ్డ ఒక రంగు మాత్రమే. కొర్రీకి చెబితే పాలసీ ఆగిపోతుంది. చెప్పకపోతే? చీటీ చించేసి, పాత బిళ్ళే మళ్ళీ వేసుకుంటే ఏమీ జరగనట్టే కదా. మందు మారిందని ఆ డాక్టరు వీధిలోకొచ్చి చాటింపు వేస్తాడా?

అంతలో చెల్లెలే ఫోను చేసింది.

"ఎంతవరకు వచ్చిందక్కా?"

"అయిపోయినట్టేనే చిట్టీ. మా కోడలే అన్నీ చూస్తోంది. నన్ను కాగితం ముట్టుకోనివ్వడం లేదంటే నమ్ము" అంది అత్తగారు, ఎప్పటిలాగే గట్టిగా. "దాన్ని కోడలనకూడదు. కూతురున్నా ఇంతలా చూడదు. పొద్దున్నే మంచం దగ్గరికి కాఫీ తెస్తుంది. మొన్న మోకాళ్ళు నొప్పులంటే నూనె రాసింది."

"అదృష్టవంతురాలివి. నిజానికి నేనే రావచ్చు. నాకు కళ్ళు తప్ప ఒళ్ళంతా ఇనుమే. ఎప్పుడు వస్తానన్నా నువ్వే వద్దంటావు."

"ఈ ఇరుకింట్లోకి ఎందుకే, మెట్లూ అవీ. నేనే వస్తాను" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక చూస్తే, గుమ్మం దగ్గర కోడలి చెప్పులున్నాయి. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

రాత్రి భోజనాల దగ్గర కొడుకు రాయబారం మొదలైంది. అత్తగారు ముందుగదిలో, కోడలు వంటింట్లో, మధ్య గుమ్మంలో అతను.

"రేపు పాలసీ కట్టేస్తోందట అమ్మా. నువ్వేమైనా చెప్పాలా అని అడుగుతోంది."

"ఏమీ లేదను."

అతను లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "డాక్టరు దగ్గరికేమైనా వెళ్ళావా అని..."

"లేదను."

మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. "మందులేమైనా మారాయా అని అడగమంది. ఊరికేనే అమ్మా, మామూలుగానే."

"లేదని చెప్పానా? పోలీసు స్టేషనా ఇది?" అంది అత్తగారు. అబద్ధం చెప్పడం ఆవిడకి కొత్త కాదు. రోజూ ఫోన్లో చెబుతూనే ఉంది. కానీ ఇది వేరేలా ఉంది, దీనికి రుచి లేదు. వంటింట్లోంచి ఇంక ప్రశ్న రాలేదు.

తెల్లవారి కొడుకు స్నానానికి వెళ్ళాడు. అత్తగారు పాత అట్టలోంచి పెద్ద బిళ్ళ చిదిమి అరచేతిలో వేసుకుంది. నీళ్ళ చెంబు అందుకోబోయింది.

"అది వేసుకోకండి అత్తయ్యా."

కోడలు ముందుగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆ గదిలోకి ఆమె రావడమే అరుదు. అత్తగారు అలవాటు కొద్దీ ఆమె భుజం మీదుగా కొడుకు కోసం చూసింది.

"వాణ్ణి రానీ."

"ఆయనెందుకు? ఆయన చెప్పబట్టే ఇంతదాకా వచ్చింది. మందుల సంగతి మీకేమని చెప్పాడు?"

"జాగ్రత్తగా వేసుకోమన్నావని."

కోడలు బట్టలిచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూలబడింది. "నేను చెప్పమన్నది అది కాదు. మందు మార్పించుకోవద్దన్నాను. మార్పించుకుంటే మీ చావు మీరే చావాలన్నాను. ఇలాగే చెప్పమని మరీ మరీ చెప్పాను."

"అలా చెప్పి ఉంటే మార్పించుకునేదాన్నే కాదు" అంది అత్తగారు. నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ తిట్టు తిన్నగా వచ్చి చేరి ఉంటే, ఆ పౌరుషానికైనా డాక్టరు గుమ్మం తొక్కేది కాదు.

"మొన్న ఆ పెద్దాయన వెనక బెంచీ మీద మిమ్మల్ని చూశాను" అంది కోడలు.

"మొన్న కాదు, నిన్న."

"సరే, నిన్న. నా మీదికి యుద్ధానికొచ్చి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయారు. ఆ సంచి అంత గట్టిగా పట్టుకున్నప్పుడే అర్థమైంది. రాత్రి మూడుసార్లు అడిగించాను. మూడుసార్లూ లేదన్నారు."

"లేదనే అంటాను. చీటీ చించేస్తాను. ఎవడికి తెలుస్తుంది?"

"నాలాంటిది అక్కడా ఒకతి ఉంటుంది. దానికి తెలుస్తుంది. అది డాక్టరు చీటీ అడగదు, మందుల దుకాణం వాడి బిల్లు అడుగుతుంది. నేనూ అదే చేస్తాను."

"ఆ ముసలాయనకి చేసినట్టు."

"ఆయనకి చేసినట్టే." కోడలు నేల మీద పడి ఉన్న గుండుసూది తీసి, మిషను పక్కనున్న సూదుల దిండుకి గుచ్చింది. "ఇచ్చేయాలని ఉన్నా ఇవ్వడానికి అది నా డబ్బు కాదు. ఇంటికొచ్చాక అన్నం సహించదు, అంతే. మీకోసం పాలసీ అన్నిసార్లు చదివింది మీమీద ప్రేమతో కాదు. మన ఇంటి మనిషి ఎవరూ ఆ కుర్చీలో కూర్చోకూడదని."

అత్తగారు అరచేతిలోని బిళ్ళని అట్ట పక్కన పెట్టింది. "గుండె వదిలేసి మిగతాదానికి కట్టు. నాకేమైనా అయితే పైసా అడగనని రాసిస్తాను."

"మీరు అక్కడ పడిపోతే మీ అబ్బాయి ఆ కాగితం చదువుకుంటూ కూర్చుంటాడా? ఇల్లమ్మి పరిగెడతాడు."

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఆవిణ్ణే రమ్మనండి" అంది కోడలు.

"ఎవర్ని?"

"మీ చెల్లెల్ని. డెబ్బైకి ఇంకా దూరంలోనే ఉంది. కళ్ళు పోతాయని ముందే తెలుసు కాబట్టి వాటికి ఎవడూ ఇన్సూరెన్సు ఇవ్వడు, మనకి అక్కర్లేదు కూడా. మిగతా ఒళ్ళంతా ఇనుమని ఆవిడే చెబుతోంది. ఏ పాలసీ అయినా సరిపోతుంది. విమానం వాళ్ళకి ముందే చెబితే చెయ్యి పట్టుకుని దింపుతారు. ఈ మాట నాకు మొదటి రోజే తోచింది."

"మరి నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావేం?"

"మీరు ఒప్పుకోరని తెలుసు. ఎందుకు ఒప్పుకోరో కూడా తెలుసు." కోడలు గోడ మీద వేళ్ళతో తట్టింది. "ఈ గోడ చాలా పల్చన అత్తయ్యా. ఫోన్లో మీరు చెప్పే కోడల్ని నేను రోజూ వింటూనే ఉన్నాను. కాఫీ తెచ్చే కోడలు, నూనె రాసే కోడలు. అంత మంచిదాన్ని నాక్కూడా ఒకసారి చూడాలనే ఉంది."

అత్తగారికి చెవులు కాలిపోయాయి. జీవితంలో ఎన్నో అవమానాలు పడింది గానీ, పొగుడుతూ దొరికిపోవడం ఇదే మొదలు. సిగ్గుతో కోటు ఒళ్ళోకి లాక్కుంది. సిగ్గు ఎక్కువైతే ఆవిడకి కోపం వస్తుంది.

"దొంగచాటుగా వింటావా?"

"మీరే గట్టిగా మాట్లాడతారు. నోరు అదుపులో పెట్టుకోమని ఎన్నోసార్లు చెప్పించాను."

"గొంతు నొప్పి పుడుతుందన్నాడు వాడు."

కోడలి పెదవి ఒక పక్కకి లాగింది. అది నవ్వో కాదో అత్తగారికి తెలియలేదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"అది వస్తే ఏం చూస్తుందే?" అంది చివరికి. గొంతు తను అనుకున్నంత గట్టిగా రాలేదు. "ఆఖరిసారి చూసే చూపుతో ఈ ఇంటిని చూడాలా? రెండు పొయ్యిలు, రెండు ఉప్పు డబ్బాలు, ఆ గుమ్మంలో నా కొడుకు తపాలా బంట్రోతులా నిలబడటం. నేను ఇలా బతుకుతున్నానని దానికి తెలియకూడదనే కదా ఇన్నేళ్ళూ రానివ్వలేదు."

కోడలు స్టూలు మీదనుంచి లేచింది. "ఆవిడ ఉన్నన్నాళ్ళూ కాఫీ ఇస్తాను" అంది. "కాళ్ళకి నూనె మాత్రం రాయను."

"నా కాళ్ళు నీ చేతికిచ్చేంత పిచ్చిదాన్ని కాదు."

అత్తగారు ఫోను తీసి చెల్లెలికి కలిపింది. "చిట్టీ, నేను కాదే, నువ్వే రా" అంది. అవతల ఏడుపు వినిపించింది. "ఏడవకు, ఉన్న కళ్ళు కాస్తా పాడుచేసుకోకు. ఇదుగో, మందుల సంగతి మా కోడలు అడుగుతుంది, చెప్పు. మావాడి చేత చెప్పిస్తే లాభం లేదు, అదే అడగాలి."

కోడలు ఫోను అందుకుని ఆఫీసు గొంతుతో అడిగింది. ఏం మందులు, ఎప్పటినుంచి, ఎవరు రాశారు. "బయల్దేరేదాకా ఏదీ మార్చకండి. బాగుందని చెప్పి తగ్గిస్తామన్నా సరే, ముందు మాకు చెప్పండి. తగ్గినా మార్పేనండి." తర్వాత అవతలి మాట చాలాసేపు విన్నది. వింటూ వింటూ అత్తగారి వైపు చూసింది. అత్తగారు తల దించుకుని, చిక్కుపడ్డ దారాన్ని గోటితో విడదీస్తోంది.

"అత్తయ్య ఏదైనా కాస్త ఎక్కువ చేసే చెబుతారండి" అని ఫోను పెట్టేసింది.

తల తుడుచుకుంటూ వచ్చిన కొడుకు, ఇద్దర్నీ ఒకే గదిలో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏమైంది? ఎవరికేం చెప్పాలి?"

"రెంచీ తీసుకురా" అంది అత్తగారు. "పొయ్యి ఒకటి ఊడదియ్యాలి."

"ఎవరిది?"

"మీ అమ్మదే" అంది కోడలు. "నాది కొత్తది."

"కొత్తదైతే ఏం? కిటికీ కింద గాలికి మంట నిలుస్తుందా?"

"కిటికీ మూసుకుంటే నిలుస్తుంది."

"మూసుకుని పొగలో చావమంటావా?"

అతను వాళ్ళ మధ్య నిలబడి ఒక మొహంనుంచి ఇంకో మొహానికి చూశాడు. మొయ్యడానికి అతనికి ఒక్క మాట కూడా మిగల్లేదు. చివరికి అత్తగారే, "నాదే తియ్యరా. కానీ మీ పిన్ని తిరుగు విమానం ఎక్కిన మర్నాడే మళ్ళీ బిగించాలి" అంది. "మర్నాడు దాకా ఎందుకు, ఆ సాయంత్రమే బిగించేద్దాం" అంది కోడలు. అతను వంగి గొట్టం విప్పి, పొయ్యి ఎత్తి పెరటివైపు తీసుకుపోయాడు.

పొయ్యి ఉన్నచోట గోడ మీద మసి మిగిలిపోయింది. ఇక్కడ ఇన్నాళ్ళూ ఇంకో వంట జరిగిందని ఎవరికైనా చెప్పేటంత నల్లగా, నిలువెత్తున. అత్తగారు తన పీచు తీసుకుంది. కోడలు కాసేపు చూసి, తన పీచు తడిపి, అటు పక్కనుంచి మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా తోమారు. నల్లని నీళ్ళు గోడ వెంట కారాయి. నలుపు బూడిదరంగైంది గానీ ఆ పైన ఎంత తోమినా పోలేదు.

కోడలు పీచు పిండి పక్కన పెట్టింది. "చాల్లెండి. ఈ పాటి మరక ఆవిడ కంటికి ఆనదు."

అత్తగారు పీచు మళ్ళీ నీళ్ళలో ముంచి, పైనుంచి తోమడం మొదలుపెట్టింది.